చెరువు గట్టు మీద 4జీ మోడెమ్: ఏ మోడ్ పెట్టాలి, రాత్రిళ్లు ఎందుకు ఆగిపోతోంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. కాళ్ల గ్రామం దగ్గర మీ నాన్నగారివి నాలుగు వనామీ రొయ్యల చెరువులు. ఒక్కో చెరువులో ఒక డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్, నాలుగూ ఒకే ఆర్‌ఎస్-485 కేబుల్ (చాలా పరికరాలు కలిసి వాడుకునే డేటా తీగ) మీద షెడ్డులోని ప్యానెల్‌కు వస్తున్నాయి, ప్యానెల్‌లో 4జీ మోడెమ్ ఉంది. మీరేమో హైదరాబాద్‌లో ఉద్యోగం. భీమవరంలో ఇంటి దగ్గర ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి చూస్తే రీడింగులు చక్కగా వచ్చాయి, చెరువు దగ్గర సిమ్ వేశాక అసలు కనెక్టే కాలేదు. షాపు వాళ్లు సర్వర్ మోడ్ తీసేసి క్లయింట్ పెట్టమంటే పెట్టారు. అప్పటి నుంచి పగలంతా బాగానే ఉండి రాత్రిళ్లు ఆగిపోతోంది, పొద్దున గుమాస్తా మోడెమ్ ఆపి వేస్తే మళ్లీ వస్తోంది. సెట్టింగ్స్ పేజీలో ట్రాన్స్‌పరెంట్, మోడ్‌బస్ గేట్‌వే, హెచ్‌టీటీపీ, ఎంక్యూటీటీ, ఎస్సెమ్మెస్ అని ఉన్నాయి, ఏది పెట్టాలి, హైదరాబాద్ నుంచే ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) వేయొచ్చా అని అడిగారు.

చెరువులో డీవో బాగా పడిపోయేది తెల్లవారుజామున. పగలంతా ఎండకి ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టనే రాత్రంతా దాన్ని తినేస్తుంది, పైగా ముందు రోజు మబ్బు పట్టి ఉంటే ఇంకా త్వరగా పడుతుంది. మీ మోడెమ్ నోరు మూసుకుంటున్నది సరిగ్గా ఆ వేళలోనే. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఈ పంట మధ్యలోనే సరిచేయండి.

మోడ్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే. మాట ముందు ఎవరు మొదలుపెడతారు, మోడెమా, సర్వరా? లింకు తెగిపోయినప్పుడు చెరువుకు ఏమవుతుంది? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే సెట్టింగ్స్ పేజీలో ఎన్ని పేర్లున్నా టెన్షన్ పడక్కర్లేదు. ఆ రెండూ చూడకుండా, అమ్మినవాడు చెప్పాడని ట్రాన్స్‌పరెంట్ పెట్టేసిన ప్యానెళ్లు మన వైపు చాలానే కనిపిస్తాయి.

సర్వర్ మోడ్ ఎందుకు పనిచేయలేదో ముందు చెప్తాను. సర్వర్ మోడ్ అంటే మోడెమ్ ఒక పోర్టు తెరిచి, ఎవరైనా వచ్చి పలకరిస్తారని కూర్చుంటుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ కేబుల్‌తో నేరుగా దానికే తగిలించారు కాబట్టి దారి ఉంది, పలకరించగలిగారు. సిమ్ వేశాక ఆ మోడెమ్‌కు సిమ్ కంపెనీ ఇచ్చే ఐపీ అడ్రస్ చాలావరకు బయటి ప్రపంచానికి కనిపించేది కాదు. మోడెమ్ స్టేటస్ పేజీ తెరిచి ఐపీ చూడండి. అది 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా మీరు కంపెనీ వాళ్ల నాట్ వెనక ఉన్నట్టే. వేలమంది చందాదారులు ఒకే పబ్లిక్ ఐపీని పంచుకుంటారు, లోపలి నుంచి బయటికి వెళ్లొచ్చు గానీ బయటి నుంచి లోపలికి ముందుగా ఎవరూ రాలేరు. కాబట్టి మామూలు సిమ్‌తో సర్వర్ మోడ్ సంగతి మర్చిపోండి. స్టాటిక్ ఐపీ ఉన్న సిమ్ తీసుకుంటే కుదురుతుంది కానీ దాని ప్రమాదం దానికుంది, కింద చెప్తాను.

క్లయింట్ మోడ్‌లో మోడెమే బయల్దేరి మీ సర్వర్ దగ్గరికి వస్తుంది కాబట్టి నాట్ అడ్డు రాదు. ఇక్కడివరకు షాపు వాళ్లు చెప్పింది సరైనదే. మరి రాత్రి ఎందుకు ఆగుతోంది?

మీ ఏర్పాటులో ప్రశ్న అడిగేది సర్వర్, జవాబు చెప్పేది సెన్సర్. మోడెమ్ తనంతట తాను ఏమీ మాట్లాడదు, అటు వచ్చిన బైట్లను ఇటు, ఇటు వచ్చినవి అటు తోసేస్తుంది. ట్రాన్స్‌పరెంట్ మోడ్ పని అదే, అంతకుమించి దానికేమీ తెలియదు. పగలు మీరు యాప్ తెరిచి పెట్టుకుంటారు, అరనిమిషానికోసారి ప్రశ్న వెళ్తుంటుంది, లింకు వేడిగా ఉంటుంది. రాత్రి మీరు పడుకున్నాక పావుగంటకోసారి మాత్రమే రీడింగ్ తీసేలా పెట్టానన్నారు కదా, ఆ పావుగంటలో కంపెనీ నాట్ ఈ కనెక్షన్‌లో కదలిక లేదని తన పట్టికలోంచి తీసేస్తుంది. ఎవరికీ చెప్పదు. ఆ తర్వాత సర్వర్ అడిగిన ప్రశ్న దారిలోనే పోతుంది, సర్వర్ కాసేపు చూసి కనెక్షన్ తెంచుకుంటుంది. మోడెమ్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. దాని దగ్గర పంపడానికి ఏమీ లేదు, పంపితేనే కదా అవతల ఎవరూ లేరని తెలిసేది. తన వైపు కనెక్షన్ బాగానే ఉందనుకుని, లైట్ వెలిగించుకుని, తెల్లారేదాకా అలాగే ఉంటుంది. పొద్దున గుమాస్తా ఆపి వేస్తే కొత్తగా కనెక్ట్ అవుతుంది. ఇది మోడెమ్ పాడవడం కాదండీ, కొత్తది కొన్నా ఇదే జరుగుతుంది.

ఈ రాత్రికి చేయాల్సిన పని చిన్నదే. సెట్టింగ్స్‌లో హార్ట్‌బీట్ ప్యాకెట్ అని ఉంటుంది, పని లేకపోయినా మోడెమ్ ఉన్నానని పంపే చిన్న మాట అది, దాన్ని ఆన్ చేసి 60 సెకన్లు పెట్టండి. నెట్‌వర్క్ వైపుకి మాత్రమే వెళ్లేలా పెట్టాలి, సీరియల్ వైపుకి అన్నది ఎంచుకుంటే ఆ బైట్లు సెన్సర్ల కేబుల్ మీద పడి అక్కడ గందరగోళం అవుతుంది. సర్వర్‌లో మీరు రాసిన ప్రోగ్రామ్ ఆ హార్ట్‌బీట్ బైట్లను గుర్తుపట్టి పక్కన పెట్టాలి, లేదంటే వాటిని సెన్సర్ జవాబు అనుకుని సీఆర్‌సీ (బైట్లు చెడిపోలేదని సరిచూసే లెక్క) తప్పు అని ఎర్రర్లు ఇస్తుంది. రిజిస్ట్రేషన్ ప్యాకెట్ అనేది కూడా పక్కనే ఉంటుంది, కనెక్ట్ అవగానే మోడెమ్ తన పేరు చెప్పుకోవడం అది. రేపు రెండో చెరువుల గుంపుకి ఇంకో మోడెమ్ పెడితే ఎవరు ఎవరో తెలియడానికి అది కావాలి. ఇన్ని నిమిషాలు డేటా రాకపోతే మళ్లీ కనెక్ట్ అవ్వు అనే సెట్టింగ్ కూడా ఉంటే 20 నిమిషాలు పెట్టండి. అది మీ పావుగంట కంటే ఎక్కువ ఉండాలి, తక్కువ పెడితే ఊరికే తెగి తగులుతూ ఉంటుంది.

దీంతో రాత్రి ఆగడం చాలావరకు పోతుంది. కానీ మీరు అక్కడితో ఆగొద్దు అంటాను, ఎందుకంటే మీ సెన్సర్లు మాట్లాడే మోడ్‌బస్ భాషను ట్రాన్స్‌పరెంట్‌గా సెల్యులార్ మీద నడపడంలో ఇంకో చిక్కు ఉంది.

మీ సర్వర్ అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: 01 03 00 00 00 02 సీ4 0బీ. మొత్తం 8 బైట్లు. మొదటి 01 సెన్సర్ నంబరు, 03 అంటే రిజిస్టర్లు చదివి చెప్పు అని, తర్వాతి 00 00 ఎక్కడి నుంచి, 00 02 ఎన్ని, చివరి రెండు బైట్లు సీఆర్‌సీ. సెన్సర్ దానికి 9 బైట్ల జవాబిస్తుంది. ఇంత చిన్న సంభాషణలో ఒక మాట ఎక్కడ అయిపోయిందో తెలియడానికి మోడ్‌బస్ ఆర్‌టీయూలో (కేబుల్ మీద నడిచే మోడ్‌బస్ రూపంలో) ఫుల్‌స్టాప్ లాంటి అక్షరమేమీ లేదు, మౌనమే గుర్తు. మూడున్నర అక్షరాల సేపు లైను నిశ్శబ్దంగా ఉంటే మాట అయిపోయినట్టు. సెకనుకు 9600 బిట్ల స్పీడులో అది సుమారు 4 మిల్లీసెకన్లు. 1979లో ఫ్యాక్టరీలో ఒకే గోడ మీద ఉన్న యంత్రాల కోసం పుట్టిన పద్ధతి అది, కేబుల్ మీద అద్భుతంగా నడుస్తుంది. 4జీ మీద ఒక ప్యాకెట్ వెళ్లి రావడానికే 50, 100 మిల్లీసెకన్లు పడుతుంది, సిగ్నల్ బాగోకపోతే సెకన్లు కూడా పట్టొచ్చు. 9 బైట్ల జవాబును మోడెమ్ రెండు ముక్కలుగా పంపితే మధ్యలో వచ్చిన ఆ ఖాళీని చూసి సర్వర్ మాట అయిపోయిందనుకుంటుంది, ముక్క జవాబుకు సీఆర్‌సీ కుదరదు, రీడింగ్ పోతుంది. అప్పుడప్పుడు ఒక చెరువు రీడింగ్ మాత్రమే ఖాళీగా వస్తోందని చివర్లో రాశారు చూడండి, దానికి కారణం ఇదే అయ్యుండొచ్చు.

ట్రాన్స్‌పరెంట్‌లోనే కొనసాగాలంటే మోడెమ్‌లో ప్యాకింగ్ టైమ్ 50 మిల్లీసెకన్లు చేయండి, అంటే సీరియల్ లైను అంతసేపు ఖాళీగా ఉంటేనే పోగేసినదంతా ఒకే ప్యాకెట్‌గా పంపుతుంది. సర్వర్‌లో టైమౌట్ (జవాబు కోసం ఆగే సమయం) 1 సెకను ఉంటే 5 సెకన్లకు పెంచండి, ఒక సెన్సర్ జవాబు వచ్చాకో టైమౌట్ అయ్యాకో గానీ రెండోదాన్ని అడగకండి. తొందరపడి అడిగితే ఒకటో చెరువు ఆలస్యం జవాబు రెండో చెరువు పేరు మీద పడే ప్రమాదం ఉంది. జవాబు మొదటి బైటు సెన్సర్ నంబరే కాబట్టి ప్రోగ్రామ్‌లో దాన్ని తప్పకుండా సరిచూడండి.

మోడ్‌బస్ గేట్‌వే మోడ్ దీనికన్నా ఒక మెట్టు మెరుగు. అందులో మోడెమ్‌కు మోడ్‌బస్ భాష తెలుసు. నెట్‌వర్క్ వైపు మోడ్‌బస్ టీసీపీ, కేబుల్ వైపు ఆర్‌టీయూ, మధ్యలో తనే మారుస్తుంది. టీసీపీ రూపంలో ముందు 7 బైట్ల హెడర్ ఉంటుంది, అందులో మాట పొడవూ, ప్రశ్న నంబరూ ఉంటాయి కాబట్టి మౌనాన్ని లెక్కపెట్టే పని ఉండదు, ఏ జవాబు ఏ ప్రశ్నదో కూడా తెలిసిపోతుంది. స్కాడా సాఫ్ట్‌వేర్ (యంత్రాలను ఒకే స్క్రీన్ మీద గమనించి నడిపేది) వాడే పంపుహౌసులకు, రైస్‌మిల్లులకు ఇది బాగుంటుంది. కానీ అడిగేది సర్వరే, జవాబు చెప్పేది మోడెమే, ఆ వరస మారలేదు. పైన చెప్పిన ప్రమాదం కూడా ఇక్కడే. స్టాటిక్ పబ్లిక్ ఐపీ తీసుకుని 502 పోర్టు తెరిచి పెడితే మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ అనేదే లేదు, ప్రపంచంలో ఎవడైనా వచ్చి మీ రిజిస్టర్లు చదవొచ్చు, రాయొచ్చు కూడా. రాయడం అంటే మీ ఏరియేటర్ కాంటాక్టర్ (మోటారును వేసే, ఆపే స్విచ్) ఆపడం. ఆ పని ఎప్పుడూ చేయకండి. స్టాటిక్ ఐపీ కావాలంటే వీపీఎన్ (తాళం వేసిన సొంత దారి) వెనకో, కంపెనీ వాళ్ల ప్రైవేట్ ఏపీఎన్‌లోనో (ఇంటర్నెట్‌కు కనిపించని విడి నెట్‌వర్క్) పెట్టుకోండి.

హెచ్‌టీటీపీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మోడెమ్ వెళ్లి రీడింగ్ ఇచ్చి వచ్చేస్తుంది, సర్వర్ తనంతట తాను దాన్ని పిలవలేదు. కాలవ మీద నీటిమట్టం గేజీకో, గంటకోసారి వర్షపాతం పంపే పెట్టెకో చాలు. ప్రతిసారీ కొత్తగా సురక్షిత కనెక్షన్ పెట్టుకుంటే ఆ పలకరింపులకే నాలుగైదు కేబీ పోతుంది, నిమిషానికోసారి పంపితే నెలకు సుమారు 200 ఎంబీ అవుతుంది. పంపే రీడింగ్ చూస్తే వంద బైట్లు లేదు. యూడీపీ అంటే చేతులు కలపకుండానే విసిరేయడం, తేలిక, బ్యాటరీ మీద నడిచేవాటికి మంచిది, పోయిన ప్యాకెట్ పోయినట్టే. సీఎస్‌డీ అని మీ మాన్యువల్‌లో ఉంటే వదిలేయండి, అది 9.6 కేబీపీఎస్ డేటా కాల్ కాలం నాటిది.

మీకు నేను పెట్టమనేది ఎంక్యూటీటీ. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఆయిల్ పైప్‌లైన్ల మీది పెట్టెలను శాటిలైట్ లింకుతో గమనించడానికి తయారుచేసిన పద్ధతి ఇది. ఖరీదైన లింకు, మాటిమాటికీ తెగే లింకు, ఎక్కడో మనుషుల్లేని చోట పెట్టె, మన గట్టు మీద ఉన్న పరిస్థితీ అదే. ఇందులో మోడెమే బయల్దేరి బ్రోకర్ అనే సర్వర్‌కు కనెక్ట్ అయి, ఆ ఒక్క కనెక్షన్ తెరిచే ఉంచుతుంది. చెరువు1 డీవో, చెరువు2 డీవో అని ఒక్కోదానికి ఒక టాపిక్, రీడింగ్ వచ్చినప్పుడు దానిలో వేస్తుంది. మీ ఫోనూ, మీ నాన్నగారి ఫోనూ అదే టాపిక్‌కు చందా కట్టుకుంటాయి. ఆదేశం ఇవ్వాలన్నా అదే కనెక్షన్‌లోంచి వెనక్కి వస్తుంది కాబట్టి నాట్ సమస్య రెండు వైపులా తీరిపోతుంది. హెడర్ రెండు బైట్ల నుంచే మొదలవుతుంది. నిమిషానికోసారి నాలుగు చెరువుల రీడింగులు పంపినా నెలకు పది, ఇరవై ఎంబీల్లో అయిపోతుంది.

దీనికి మోడెమ్ తనే సెన్సర్లను అడిగి జవాబు పంపేలా ఉండాలి. సెట్టింగ్స్‌లో ఎడ్జ్ అనో, ఆటో పోలింగ్ అనో ఉందేమో చూడండి. ఉంటే అడిగే పని గట్టు మీదే అయిపోతుంది, 4 మిల్లీసెకన్ల గొడవ 4జీ దాకా రాదు. లేకపోతే చిన్న పీఎల్‌సీ (ప్యానెల్‌లో ఉండి యంత్రాలను తనంతట తాను నడిపే చిన్న కంప్యూటర్) పెట్టుకోవాలి, అది ఎలాగూ పెట్టాలనే అంటాను.

ఎంక్యూటీటీలో నాకు అన్నిటికన్నా నచ్చేది లాస్ట్ విల్. కనెక్ట్ అయ్యేటప్పుడే మోడెమ్ బ్రోకర్‌తో, నేను చెప్పకుండా మాయమైతే ఈ మాట అందరికీ చెప్పు అని రాసిస్తుంది. కీప్ అలైవ్ 60 సెకన్లు పెడితే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకన్లు మోడెమ్ నుంచి ఏ అలికిడీ లేకపోతే బ్రోకర్ ఆ మాట బయటపెడుతుంది. మోడెమ్ ఆగిపోయిందని పొద్దున కాదు, ఒకటిన్నర నిమిషంలో తెలుస్తుంది. రీడింగ్ రాకపోవడాన్నే అలారంగా పెట్టుకోండి. యాప్‌లో పాత రీడింగ్ 5.2 అని పచ్చగా కనిపిస్తూ ఉండటం కన్నా ప్రమాదం లేదు, ఆ 5.2 ఎన్ని గంటలకు వచ్చిందో పక్కనే పెద్ద అక్షరాల్లో చూపించండి, ఐదు నిమిషాలు దాటితే ఎర్రగా మార్చండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, హైదరాబాద్ నుంచి ఏరియేటర్లు వేయడం. వేయొచ్చు. కానీ వేయాల్సిన నిర్ణయం హైదరాబాద్‌లో ఉండకూడదు. డీవో తగ్గితే స్టాండ్‌బై ఏరియేటర్ వేయడమనేది ప్యానెల్‌లోని పీఎల్‌సీ తనంతట తాను చేయాలి, 4జీ ఉన్నా లేకపోయినా. వనామీకి డీవో లీటరుకు 4 మిల్లీగ్రాముల దిగువకు రాకుండా చూసుకుంటారు, 3 దగ్గరికి వస్తే రొయ్య తేలడం మొదలవుతుంది. సెట్‌పాయింట్ (ఏరియేటర్ వేయాల్సిన డీవో హద్దు) ఎంతన్నది మీ నాన్నగారూ, మీ టెక్నీషియనూ కలిసి చెప్పాలి, నేను కాదు. ఎంత పెట్టినా అది గట్టు మీదే ఉండాలి. తుపాను వచ్చిన రాత్రి కరెంటు పోతుంది, వెనకే టవర్ బ్యాటరీ అయిపోయి టవరూ పోతుంది. మబ్బు, గాలివాన, కరెంటు లేకపోవడం, డీవో పడిపోవడం, నెట్‌వర్క్ పోవడం అన్నీ ఒకేసారి వచ్చేవే. క్లౌడ్‌లో నిర్ణయం తీసుకునే ఏర్పాటు సరిగ్గా ఆ రాత్రే చేతులెత్తేస్తుంది. మోడెమ్ పని కబురు చెప్పడం, మీరు కావాలనుకుంటే జోక్యం చేసుకునే అవకాశం ఇవ్వడం, అంతే.

ఆదేశాలు పంపేటప్పుడు మాత్రం జాగ్రత్తలున్నాయి. ఒక మీట నొక్కితే ఉన్నది ఆగి, ఆగినది తిరిగేలా పెట్టకండి. ఎంక్యూటీటీలో క్యూఓఎస్ 1 అంటే కనీసం ఒకసారి చేరుతుందని హామీ, రెండుసార్లు కూడా చేరొచ్చు. ఆన్ అన్న మాట రెండుసార్లు వచ్చినా ఏరియేటర్ ఆన్‌లోనే ఉంటుంది, మార్చు అన్న మాట రెండుసార్లు వస్తే వేసి ఆపేస్తుంది. రెండోది, ఆదేశాల మీద రిటైన్ టిక్కు ఎప్పుడూ పెట్టకండి. రిటైన్ చేసిన మాటను బ్రోకర్ దాచిపెట్టి, మోడెమ్ మళ్లీ కనెక్ట్ అయినప్పుడల్లా అప్పజెప్తుంది. మధ్యాహ్నం మేత వేసేటప్పుడు మీరు ఇచ్చిన ఆఫ్, రాత్రి రెండు గంటలకు కరెంటు పోయి వచ్చి మోడెమ్ లేవగానే మళ్లీ అమలైతే ఏమవుతుందో ఊహించుకోండి. అలాగే లింకు లేనప్పుడు ఇచ్చిన ఆదేశం క్యూలో ఉండి మూడు గంటల తర్వాత చేరినా అంతే. ఎంక్యూటీటీ 5లో మాటకు గడువు పెట్టే వీలుంది, చాలా మోడెమ్‌లలో ఉండేది 3.1.1, అందులో ఆ వీలు లేదు. అందుకని ఆదేశంలోనే సమయం రాసి పంపండి, పీఎల్‌సీ తన గడియారం చూసుకుని ఒక నిమిషం దాటినదైతే పక్కన పడేయాలి. ఆఫ్ ఆదేశానికి ఇంకో కట్టడి, డీవో సెట్‌పాయింట్ కింద ఉన్నప్పుడు దూరం నుంచి వచ్చే ఆఫ్‌ను పీఎల్‌సీ ఒప్పుకోకూడదు.

యాప్‌లో ఏరియేటర్ తిరుగుతోంది అని చూపించేది మీరు పంపిన ఆదేశాన్ని బట్టి కాదు, కాంటాక్టర్ నిజంగా పడిందని చెప్పే ఆక్సిలరీ కాంటాక్టును బట్టి, వీలైతే మోటారు కరెంటును బట్టి. కాంటాక్టర్ పడినా ఒక ఫేజు లేకపోతే మోటారు తిరగదు. సీటీ (తీగలో వెళ్లే కరెంటును కొలిచే రింగు) పెట్టి ఆంపియర్లు చదివితే బెల్టు తెగి ఊరికే తిరుగుతున్న సంగతి కూడా తెలుస్తుంది, మామూలుగా లాగే ఆంపియర్లు సగానికి పడిపోతాయి.

ఎస్సెమ్మెస్ పాతదని తీసేయకండి, అలారానికి దాన్నే ఉంచండి. ఇంటర్నెట్ సెషన్ కుదరని చోట, సిగ్నల్ ఒక గీత ఉన్నా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఎక్కువ. మీ నాన్నగారు యాప్ తెరవరు, మెసేజ్ శబ్దమొస్తే చూస్తారు. దానికీ హద్దులున్నాయి. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజ్‌లో 160, తెలుగులో రాస్తే 70. కాబట్టి తెలుగులో పంపేటట్టయితే 'చెరువు 3 డీవో 3.4 ఏరియేటర్ ఆన్' అన్నంత పొట్టిగా ఉండాలి. ఎప్పుడు చేరుతుందన్న హామీ లేదు, ఒక్కోసారి చాలా ఆలస్యమవుతుంది. మామూలు ప్లాన్లలో రోజుకు 100 దాకానే ఇస్తారు, డీవో సెట్‌పాయింట్ దగ్గర ఊగిసలాడుతూ ప్రతి నిమిషం మెసేజ్ పంపిస్తే అర్ధరాత్రికే అయిపోతాయి, అసలు సమయానికి ఒక్కటీ ఉండదు. 4 దగ్గర అలారం మోగితే 4.5 దాటాకే అది చల్లారేలా తేడా పెట్టండి. ఎస్సెమ్మెస్‌తో ఆదేశాలు కూడా తీసుకునేటట్టయితే మీ నంబర్లనే ఒప్పుకునేలా, పైన పాస్‌వర్డ్ ఉండేలా పెట్టండి. నిద్ర లేపడానికి మెసేజ్ చాలదు, కాల్ కావాలి. మోడెమ్‌కు కాల్ చేసే సదుపాయం ఉంటే వాడండి, లేదంటే లాస్ట్ విల్ అందగానే సర్వర్ నుంచి కాల్ వెళ్లేలా చేయండి.

సిమ్ విషయంలో ఒకటి. మీ దగ్గర ఉన్నది పాత 2జీ మోడెమ్ అయితే జియో సిమ్ పనిచేయదు, జియోకు 2జీ లేదు. 4జీ మోడెమ్ అయినా కాల్ చేయాలంటే వోల్టీ (4జీ మీద కాల్ చేసే సదుపాయం) ఉండాలి, డేటా కోసమే చేసిన చౌక మోడెమ్‌లలో అది ఉండదు, ఎస్సెమ్మెస్ కూడా అదే సిమ్‌తో పంపి చూసి గానీ కొనకండి. యంత్రాల కోసం ఇచ్చే 13 అంకెల ఎం2ఎం సిమ్ తీసుకుంటే కాల్, మెసేజ్ ముందే నమోదు చేసిన నంబర్లకే వెళ్తాయి, మీ నాన్నగారి నంబరు, గుమాస్తా నంబరు మొదట్లోనే రాయించండి. బయటి దేశం నుంచి తెప్పించిన మోడెమ్ అయితే బ్యాండ్లు చూడాలి, ఇక్కడ 3, 5, 8, 40 బ్యాండ్లు ఉన్నదైతే ఇబ్బంది ఉండదు.

సిగ్నల్ సంగతి పగలు చూసి వదిలేయకండి. మోడెమ్‌కు ఏటీ+సీఎస్‌క్యూ అనే కమాండ్ కొడితే 0 నుంచి 31 మధ్య ఒక అంకె వస్తుంది, 99 వస్తే తెలియదని. ఆ అంకెను రెట్టింపు చేసి 113లోంచి తీసేస్తే మైనస్ డీబీఎంలలో సిగ్నల్ బలం. 10 వస్తే మైనస్ 93, అంతకన్నా తక్కువైతే యాంటెన్నా మార్చాల్సిందే. మీ ప్యానెల్ ఇనుప పెట్టె, షెడ్డు రేకులది, యాంటెన్నా లోపలే ఉందన్నారు. ఇనుము లోపల ఇనుము, సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది? బయట గొట్టానికి నిలువుగా బిగించండి, చుట్టూ చెరువులే కాబట్టి పది, పన్నెండడుగుల ఎత్తు చాలు, కొబ్బరి చెట్ల వరస వెనక మాత్రం పెట్టకండి. యాంటెన్నాతో వచ్చే సన్న కేబుల్‌ను పొడిగించొద్దు, మీటరుకు ఒక డెసిబెల్‌కు పైగానే అందులో పోతుంది. బయటి కనెక్టర్‌కు వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టండి, ఉప్పుగాలికి ఒక్క వర్షాకాలంలో పచ్చగా చిలుము పడుతుంది.

ఆర్‌ఎస్-485 కేబుల్‌ను మోటారు కేబుళ్లతో కలిపి ఒకే పైపులో లాగారా? ఫోటోలో అలాగే కనిపిస్తోంది. వేరు చేయండి. కాంటాక్టర్ పడినప్పుడల్లా వచ్చే కుదుపు రీడింగులను చెడగొడుతుంది, మెరుపులప్పుడు మోడెమ్ పోర్టునే కాల్చేస్తుంది. రెండు చివర్లా 120 ఓమ్ రెసిస్టర్లు, మధ్యలో ఎక్కడా వద్దు, కేబుల్ చెరువు నుంచి చెరువుకు వరసగా వెళ్లాలి, షెడ్డు నుంచి నాలుగు కొమ్మలుగా కాదు.

కరెంటు పోయినప్పుడే కదా కబురు కావాల్సింది. మోడెమ్, పీఎల్‌సీ రెండింటికీ 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ పెట్టండి, రాత్రి గడిచిపోతుంది. ఫేజ్ ఫెయిల్యూర్ రిలే కాంటాక్టును మోడెమ్ డిజిటల్ ఇన్‌పుట్‌కు కలిపితే కరెంటు పోయిన సంగతి, జనరేటర్ అందుకున్న సంగతి రెండూ తెలుస్తాయి. పోయింది అన్న మెసేజ్ వచ్చి రెండు నిమిషాల్లో వచ్చింది అన్నది రాకపోతే గుమాస్తాకు ఫోన్ చేయాలి, ఆ పని యంత్రానికి వదలకండి.

వరస ఇలా పెట్టుకోండి. ఈ రాత్రికి హార్ట్‌బీట్, ప్యాకింగ్ టైమ్, టైమౌట్. ఈ వారంలో యాంటెన్నా బయటికి, బ్యాటరీ, కరెంటు పోతే ఎస్సెమ్మెస్. పీఎల్‌సీ, ఎంక్యూటీటీ మార్పు పంట మధ్యలో పాత ఏర్పాటు తీసేసి చేయకండి, పక్కన రెండోదిగా నడిపించి, మనిషి కాపలా ఉన్న రాత్రుల్లో యాంటెన్నా కేబుల్ పీకి, కరెంటు తీసి పరీక్షించి, అప్పుడు మార్చండి. ఈలోగా తెల్లవారుజాము మూడు, నాలుగు గంటలప్పుడు సీఎస్‌క్యూ ఎంత వస్తోందో, స్టేటస్ పేజీలో ఐపీ ఏముందో, సెన్సర్ కంపెనీ ఇచ్చిన రిజిస్టర్ పట్టిక ఫోటో, ఈ మూడూ ఇక్కడే పెట్టండి. ఆ పట్టిక చూస్తే మోడెమ్‌లో పోలింగ్ వరసలు ఎలా రాయాలో నేరుగా రాసి ఇస్తాను.